కంప్యూటరు నెట్‌వర్కు, భద్రతా వృత్తులు: ధ్రువపత్రములను ఎంచుకొను విధానము

గ్రామమునందలి యువకుడు చదువు ముగించిన పిమ్మట ఏ వృత్తిలో ప్రవేశింపవలెనను ప్రశ్న పూర్వము ఆ కుటుంబమునకు మాత్రమే సంబంధించినదిగా నుండెడిది. నేడది పంచాయతీ సభ్యుల ముందునకు కూడ వచ్చుచున్నది. పిల్లవానిని శిక్షణకై పట్టణమునకు పంపుటకు పొలము కుదువ పెట్టవలసి వచ్చినపుడును, అప్పునకు పూచీ అవసరమైనపుడును తల్లిదండ్రులు సర్పంచు వద్దకో, వార్డు సభ్యుని వద్దకో వచ్చి, "ఈ కోర్సు మంచిదేనాండీ? ఇది ప్యాసైతే ఉద్యోగం వస్తుందా?" అని అడుగుచుందురు. కంప్యూటరు నెట్‌వర్కు, సైబరు భద్రత అను వృత్తులలో పరీక్షలు అనేకములు. వాని పేర్లన్నియు పొడి అక్షరములు. వానిని నిర్వహించు సంస్థలలో పెక్కు విదేశములవి. కావున అడిగినవారికి తగిన సమాధానము చెప్పుట సులభము కాదు. ఈ విషయమున సభ్యులు తెలిసికొనదగిన ముఖ్యాంశములను ఈ వ్యాసమునందు వివరించుచున్నాము.

వృత్తి స్వరూపము

నెట్‌వర్కు అనగా కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు ఏర్పాటు. కాలువల క్రింద వ్యవసాయము చేయువారికి దీనిని వివరించుట కష్టము కాదు. ప్రధాన కాలువనుండి పిల్ల కాలువకు, పిల్ల కాలువనుండి తూము ద్వారా బోదెకు, బోదెనుండి మడికి నీరు పారునట్లు, సమాచారము పెద్ద తీగలనుండి చిన్న తీగలకు, అచ్చటినుండి కార్యాలయములోని యంత్రమునకు చేరును. స్విచ్చి అను పరికరము ఒకే కార్యాలయములోని యంత్రములను కలుపును. రౌటరు ఒక నెట్‌వర్కునుండి మరియొక నెట్‌వర్కునకు దారి చూపును. ప్రతి యంత్రమునకు ఇంటి నంబరువలె ఐ.పి. చిరునామా యుండును. ఫైర్‌వాల్ అనునది రాదగిన సమాచారమును రానిచ్చి, రాగూడనిదానిని ఆపును.

ఈ రంగమునందలి ఉద్యోగములను స్థూలముగా మూడు తెగలుగా విభజింపవచ్చును. తీగలు లాగుట, పరికరములను బిగించుట, చెడినవానిని బాగుచేయుట మొదటి తెగ. కార్యాలయములు, బ్యాంకులు, ఆసుపత్రులలో నెట్‌వర్కు ఆగిపోకుండ నడపుట రెండవ తెగ. దొంగతనముగా లోపలికి చొరబడువారిని కనిపెట్టుట, సమాచారమును కాపాడుట, లోపములను ముందే పరీక్షించి చెప్పుట మూడవ తెగ. ఈ మూడవదానికే సైబరు భద్రత అని పేరు. భద్రతా పర్యవేక్షణ కేంద్రములలో రేయింబవళ్లు వంతులవారీగా కావలి యుండవలెను గనుక రాత్రి విధులు తప్పవని యువకులును, వారి కుటుంబములును ముందే తెలిసికొనుట మంచిది.

ఈ పనులు గ్రామములకు దూరమైనవి కావు. గ్రామ పంచాయతీలను ఆప్టికల్ ఫైబరు తీగతో కలుపు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. దానికే పిమ్మట భారత్‌నెట్ అని పేరు వచ్చినది. సుమారు 2.5 లక్షల పంచాయతీలను కలుపుట దీని ఉద్దేశము. 2023 ఆగస్టులో ఈ పథకమును సవరించి, తీగ ఒకచోట తెగినను రెండవవైపునుండి సమాచారము చేరునట్లు వలయాకారమున నిర్మించుటకు నిర్ణయించిరి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ తన తీగలలో అధిక భాగమును విద్యుత్ స్తంభములమీదుగా నడపినది. తెలంగాణమున మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములను ఫైబరు తీగకు కూడ వినియోగించిరి. భద్రతా రంగమునందు ప్రభుత్వ నిబంధనలు కూడ కట్టుదిట్టమైనవి. సైబరు దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటలలోపల తెలుపవలెనని సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్ 28న ఆదేశించినది. నెట్‌వర్కు నడిచిన తీరును తెలుపు నమోదులను 180 దినములు భద్రపరుపవలెనని కూడ అందు కలదు. ఇట్టి ఆదేశములను పాటించుటకు పని తెలిసిన మనుష్యులు కావలెను.

ధ్రువపత్రము అనగా నేమి?

తల్లిదండ్రులు తరచు పొరబడునది ఇచ్చటనే. "సర్టిఫికెట్" అను ఒకే మాటతో మూడు వేర్వేరు పత్రములను పిలుచుచున్నారు.

మొదటిది, ప్రభుత్వము గుర్తించిన విద్యార్హత. ఐ.టి.ఐ.లో ఇచ్చు జాతీయ వృత్తి ధ్రువపత్రము, డిప్లొమా, డిగ్రీ ఇట్టివి. వీనికి కాలపరిమితి లేదు.

రెండవది, పరీక్షా సంస్థ ఇచ్చు వృత్తి ధ్రువపత్రము. సిస్కో సంస్థవారి సి.సి.ఎన్.ఎ., కాంప్‌టియా సంస్థవారి సెక్యూరిటీ ప్లస్ మున్నగునవి ఈ కోవలోనివి. వీనికి సాధారణముగా మూడు సంవత్సరముల కాలపరిమితి యుండును. ఆ గడువులోపల మరల పరీక్ష వ్రాసియో, తదుపరి విద్య నభ్యసించియో పునరుద్ధరించుకొనవలెను.

మూడవది, శిక్షణాలయము ఇచ్చు పత్రము. అభ్యర్థి ఇన్ని దినములు తమవద్ద పాఠములు వినెనని మాత్రమే అది చెప్పును. చక్కని చట్టములో బిగించి యిచ్చినను అది రెండవదానికి సమానము కాదు.

శిక్షణాలయమునకు చెల్లించు రుసుము వేరు, పరీక్షా సంస్థకు చెల్లించు రుసుము వేరు. ఈ భేదమును గ్రహించిన కుటుంబము సగము నష్టమునుండి తప్పించుకొన్నట్లే.

మొదటి మెట్టు: నెట్‌వర్కు

పదవ తరగతి ఉత్తీర్ణుడైన బాలుడు లేక బాలిక ఐ.టి.ఐ.లో చేరవచ్చును. కంప్యూటరు హార్డ్‌వేరు, నెట్‌వర్కు నిర్వహణ అను వృత్తి శిక్షణ ఒక సంవత్సరము. సమాచార సాంకేతిక వ్యవస్థల నిర్వహణ అను శిక్షణ రెండు సంవత్సరములు. మొదటి తెగ ఉద్యోగములకు ఇవి తగిన ద్వారములు.

ఇంటర్మీడియెట్ గాని, డిగ్రీ గాని చదివినవారు సి.సి.ఎన్.ఎ. పరీక్షకు సిద్ధపడవచ్చును. సిస్కో సంస్థ 1998లో ప్రారంభించిన ఈ పరీక్షకు నిర్ణీత విద్యార్హత లేదు. 2020 ఫిబ్రవరిలో అనేక శాఖలుగా నున్న పరీక్షలను కలిపి ఒకే పరీక్షగా మార్చిరి. వ్యవధి 120 నిమిషములు. 2024లో సవరించిన పాఠ్యక్రమము ననుసరించి నూటికి 20 పాళ్లు నెట్‌వర్కు మూలసూత్రములు, 20 పాళ్లు యంత్రములను నెట్‌వర్కునకు కలుపుట, 25 పాళ్లు సమాచారమునకు దారి చూపుట, 10 పాళ్లు ఐ.పి. సేవలు, 15 పాళ్లు భద్రతా ప్రాథమికాంశములు, 10 పాళ్లు స్వయంచాలక నిర్వహణ. నెట్‌వర్కు పరీక్షలోనే భద్రతకు 15 పాళ్లున్నవని గమనింపవలెను.

కాంప్‌టియావారి నెట్‌వర్క్ ప్లస్ ఏ ఒక్క కంపెనీ పరికరములకును కట్టుబడని పరీక్ష. సి.సి.ఎన్.ఎ.లో సిస్కో పరికరములపై ఆజ్ఞలు ఇచ్చి పని చేయించుట కూడ నేర్వవలసియుండును. రెండును ఆరంభ దశకు చెందినవే గనుక ఒకటి చాలును. ఏది మేలో నిర్ణయించుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. అభ్యర్థి చేరదలచిన ఉద్యోగములకు సంబంధించిన ప్రకటనలను ఇరువదింటిని సేకరించి, వానిలో ఏ ధ్రువపత్రము పేరు ఎక్కువసార్లు వచ్చినదో లెక్కింపవలెను. శిక్షణాలయము వారి మాటకంటె ఆ లెక్క నమ్మదగినది.

అభ్యాసము కొరకు తొలుతనే ధనము వెచ్చింపనవసరము లేదు. 1997లో ప్రారంభమైన సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ప్రాథమిక పాఠములు కొన్నింటిని ఇంటర్నెటు ద్వారా ఉచితముగా అందించుచున్నది. ప్యాకెట్ ట్రేసర్ అను వారి ఉచిత సాధనముతో నిజమైన రౌటరు లేకున్నను కంప్యూటరు తెరమీదనే నెట్‌వర్కును నిర్మించి, చెరచి, బాగుచేసి నేర్చుకొనవచ్చును. కేంద్ర ప్రభుత్వమువారి స్వయం వేదికలో కంప్యూటరు నెట్‌వర్కులపై మన దేశపు ఆచార్యుల ఉపన్యాసములు లభించును. రెండు మాసములు ఈ విధముగా అభ్యసించిన యువకునకు ఆ పనిలో ఆసక్తి కలదో లేదో అతనికే తెలియును. ఆసక్తి లేదని తేలినచో కోల్పోయినది రెండు మాసముల కాలమే, పొలము నిలిచియుండును.

రెండవ మెట్టు: భద్రత

సైబరు భద్రతకు నేడు గల పేరు ప్రతిష్ఠలను చూచి చాలమంది తిన్నగా అచ్చటికే పోదలచుచున్నారు. తూములెచ్చట ఉన్నవో, నీరెటు పారునో తెలియనివాడు కాలువకు గండి ఎచ్చట పడగలదో చెప్పజాలడు. నెట్‌వర్కు నడచు విధము తెలియనివాడు దానిలో దొంగ ప్రవేశించిన జాడను కనుగొనజాలడు. కావున నెట్‌వర్కు ముందు, భద్రత తరువాత అనునది ఈ వృత్తిలో మొదటి సూత్రము.

పునాది ఏర్పడిన పిమ్మట సెక్యూరిటీ ప్లస్ పరీక్ష అనుకూలముగా నుండును. 90 నిమిషములలో గరిష్ఠముగా 90 ప్రశ్నలకు జవాబు లీయవలెను. ఐ.ఎస్.సి. స్క్వేర్ అను సంస్థ 2022లో అనుభవము లేని ఆరంభకుల కొరకు ఒక ప్రవేశ పరీక్షను ఏర్పరచినది. నైతిక హ్యాకింగ్‌నకు సంబంధించిన సి.ఇ.హెచ్. పేరు మన పట్టణములలోని ప్రకటనలలో విరివిగా కనిపించును. దానిని వ్రాయుటకు ఆ సంస్థ గుర్తించిన శిక్షణ గాని, రెండు సంవత్సరముల అనుభవము గాని చూపవలెను. అందలి ప్రధాన పరీక్ష జవాబులను గుర్తించునది. చేతిపనిని పరీక్షించునది వేరుగా నున్నది. ఆఫ్‌సెక్ సంస్థవారి ఒ.ఎస్.సి.పి. ఇందుకు భిన్నము. అభ్యర్థి దాదాపు 24 గంటలు యంత్రములమీద పనిచేసి, పిమ్మట మరి 24 గంటలలో తాను చేసినదానిని నివేదికగా వ్రాసి సమర్పింపవలెను. ఆరంభకులు తొందరపడి దీనికి రుసుము కట్టరాదు.

కొన్ని ధ్రువపత్రములు డబ్బుతోగాని, చదువుతోగాని మాత్రమే లభించునవి కావు. 1994లో ప్రారంభమైన సి.ఐ.ఎస్.ఎస్.పి.కి ఎనిమిది విషయములలో కనీసము రెండింటియందు మొత్తము ఐదు సంవత్సరముల జీతపు ఉద్యోగానుభవము ఉండవలెను. తగిన డిగ్రీ యున్నచో ఒక సంవత్సరము మినహాయింపు లభించును. అనుభవము లేకయే పరీక్ష ప్యాసైనవానిని సహచర సభ్యునిగా మాత్రమే పరిగణించి, అనుభవమును సంపాదించుటకు ఆరు సంవత్సరముల గడువిత్తురు. సమాచార వ్యవస్థల తనిఖీదారుల కొరకు 1978 నుండి నడచుచున్న సి.ఐ.ఎస్.ఎ.కు కూడ ఐదు సంవత్సరముల అనుభవము నియమము. అప్పుడే డిగ్రీ పుచ్చుకొన్న పిల్లవానికి "ఆరు నెలలలో సి.ఐ.ఎస్.ఎస్.పి." అని ఎవరైన ఆశ చూపినచో, ఆ మాట సత్యము కాదని సభ్యులు నిస్సంకోచముగా చెప్పవచ్చును.

ముగ్గురు యువకులు, మూడు దారులు

పదవ తరగతితో చదువు ఆపిన యువకునకు ఐ.టి.ఐ. శిక్షణ, ఆ తరువాత తీగలు, పరికరములను బిగించు పనిలో ఒక సంవత్సరము అనుభవము, పిమ్మట సి.సి.ఎన్.ఎ. అనునది క్షేమకరమైన క్రమము. జీతము వచ్చుచుండగనే పై పరీక్షకు చదువుకొనగలడు.

బి.యస్సీ. కంప్యూటర్లు చదివిన యువతి ఉచిత పాఠములతో ప్రారంభించి, సి.సి.ఎన్.ఎ. వ్రాసి, నెట్‌వర్కు నిర్వహణ ఉద్యోగములో చేరవచ్చును. ఒకటి రెండు సంవత్సరముల తరువాత సెక్యూరిటీ ప్లస్ వ్రాసి భద్రతా విభాగమునకు మారవచ్చును. ఆమెను దూరము పంపుటకు వెనుదీయు తల్లిదండ్రులకు మొదటి ఆరు మాసముల చదువు ఇంటివద్దనే సాధ్యమని తెలియజెప్పవలెను.

ఇంజనీరింగు పట్టభద్రునకు ఈ దారితో పాటు మరియొకటి కలదు. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ ప్రవేశ పరీక్ష ద్వారా నెట్‌వర్కు వ్యవస్థలు, భద్రతపై స్నాతకోత్తర డిప్లొమా నడుపుచున్నది. చేరుటకు ముందు ఆయా కేంద్రముల రుసుమును, సౌకర్యములను విచారించుకొనవలెను.

ముగ్గురి విషయమునను సూత్రమొక్కటే. చేయదలచిన పనిని ముందు నిశ్చయించుకొని, దానికి తగిన ధ్రువపత్రమును తరువాత ఎంచుకొనవలెను. ఒక ధ్రువపత్రము, దాని వెంట ఒక ఉద్యోగము, ఆ ఉద్యోగములో కొంత అనుభవము, ఆ పిమ్మటనే రెండవ ధ్రువపత్రము. ఉద్యోగము లేకుండ నాలుగు ధ్రువపత్రములు ప్రోగుచేసినవాడు నాలుగవది చేతికి వచ్చునప్పటికి మొదటిదాని గడువు తీరుటను చూడవలసివచ్చును.

ఖర్చు, అప్పు

2025 నాటికి సి.సి.ఎన్.ఎ. పరీక్ష రుసుము 300 అమెరికా డాలర్లు, పన్ను అదనము. ఆ సంవత్సరపు మారకపు రేటున పన్ను గాక పాతిక వేల రూపాయలు దాటును. పరీక్షలో తప్పినచో మరల అంతయు చెల్లింపవలెను. ఇప్పుడు గ్రామపు లెక్క చూతము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పు తెచ్చినచో నెలకు రెండు వేలు, సంవత్సరమునకు 24,000 రూపాయలు వడ్డీయే అగును. అనగా ఒక్క సంవత్సరపు వడ్డీ దాదాపు పరీక్ష రుసుమంత. కావున పెద్ద మొత్తము నొకేసారి అప్పు తెచ్చి సంవత్సరపు శిక్షణలో చేరుటకంటె, ఉచితముగా లభించునది మొదట నేర్చుకొని, పరీక్షకు సిద్ధమైన పిమ్మట పరీక్ష రుసుమునకు మాత్రము డబ్బు సమకూర్చుకొనుట వివేకము.

హైదరాబాదు అమీర్‌పేట మొదలైన చోట్ల శిక్షణాలయములు వీధి వీధినా కలవు. చక్కగా బోధించువారు అందు ఎందరో ఉన్నారు. వారిని గుర్తించుటకు చేరుటకు ముందే ఈ ప్రశ్నలను అడుగవలెను.

1. ధ్రువపత్రమును ఇచ్చునది మీరా, వేరొక పరీక్షా సంస్థయా? ఆ సంస్థ పేరేమి?
2. మీరు చెప్పిన మొత్తములో పరీక్ష రుసుము చేరియున్నదా?
3. అభ్యర్థి పరికరములమీద స్వయముగా పనిచేయుటకు వారమునకెన్ని గంటలు ఇత్తురు?
4. గత సంవత్సరము మీ వద్ద చదివినవారిలో ఇద్దరితో మమ్ములను మాట్లాడింపగలరా?
5. మధ్యలో మానవలసివచ్చినచో రుసుమును తిరిగి ఇచ్చు నియమమేమి? దానిని రసీదుపై వ్రాసి ఇత్తురా?

ఈ ఐదింటికి సూటిగా జవాబు చెప్పనివారికి డబ్బు చెల్లింపరాదు.

తప్పుదారులు

మూడు ప్రమాదముల విషయమై యువకులను హెచ్చరింపవలసియున్నది.

మొదటిది, అసలు పరీక్ష ప్రశ్నలని చెప్పి అమ్మబడు ప్రశ్నల మూటలు. వీనిని వాడుట పరీక్షా సంస్థల నియమములకు విరుద్ధము. తెలిసినచో ధ్రువపత్రమును రద్దుచేయుదురు. తెలియకపోయినను, ఉద్యోగమునకై జరుపు సంభాషణలో రౌటరును ముందుపెట్టి పనిచేయుమన్నపుడు గుట్టు బయటపడును.

రెండవది, అనుభవము లేకున్నను ఉన్నట్లు వ్రాసిన దొంగ పత్రములు. డబ్బు తీసికొని వీనిని సమకూర్చువారున్నారు. సంస్థలు ఉద్యోగి పూర్వచరిత్రను విచారించుకొనును. అబద్ధము తేలినపుడు ఉద్యోగము పోవుటయే గాక, భద్రతా వృత్తిలో నమ్మకము పోయినవానికి మరల చోటు దొరకుట దుర్లభము.

మూడవది, విదేశీ ఉద్యోగముల ఆశ. కంప్యూటరు ఉద్యోగములని నమ్మి కంబోడియాకు పోయిన మన యువకులు కొందరు అచ్చట సైబరు మోసములు చేయించు ముఠాల చేతిలో చిక్కిన సంగతి 2024లో విశాఖపట్నము పోలీసుల విచారణలో వెల్లడియైనది. విదేశీ ఉద్యోగమునకు మనుష్యులను పంపు ఏజెంటు 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదై యుండవలెను. కేంద్ర ప్రభుత్వమువారి ఇ-మైగ్రేట్ వేదికలో ఆ నమోదును సరిచూచుకొనిన పిమ్మటనే పాస్‌పోర్టు చేతికీయవలెను. సైబరు మోసమున డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పంచాయతీ చేయదగిన పని

ఇందుకు పెద్ద నిధులు అవసరము లేదు. ఇంటర్నెటు సౌకర్యము గల గ్రంథాలయమునందో, పంచాయతీ కార్యాలయమునందో, పాఠశాలయందో ఒక కంప్యూటరును సాయంకాలము రెండు గంటలు అభ్యాసమునకు కేటాయింపవచ్చును. బాలికలకు ప్రత్యేకముగా సమయము నిర్ణయించుట అవసరము. సమీప ఐ.టి.ఐ.లో ఏ శిక్షణలు గలవో, ప్రవేశమునకు ఎప్పుడు దరఖాస్తు చేయవలెనో విచారించి నోటీసు బోర్డుపై ప్రకటింపవచ్చును. పై ఐదు ప్రశ్నలను కూడ అచ్చటనే అతికించుట మంచిది.

ఈ వృత్తిలోనున్న మన గ్రామస్థులు హైదరాబాదులోను, బెంగుళూరులోను, ఇతర దేశములలోను ఉందురు. సంక్రాంతికి వారు స్వగ్రామము వచ్చినపుడు ఒక పూట యువకులతో సమావేశపరచినచో, ఏ పని ఎట్లుండునో, తాము ఏ పరీక్షను ఏ వరుసలో వ్రాసిరో, దేనికి వృథాగా వెచ్చించిరో వారే చెప్పుదురు. ఏ ప్రకటనయందును దొరకని సమాచారము అది.

అప్పు పత్రముమీద సంతకము చేయుమని ఇక ముందు ఏ కుటుంబమైన వచ్చినపుడు, సభ్యులు ముందుగా ఆ పిల్లవానినే పిలిచి రెండు మాటలు అడుగవలెను: "నీవు చేయదలచిన పని ఏది? ఉచితముగా దొరకునది ఎంతవరకు నేర్చితివి?" ఈ రెండింటికిని అతడు సమాధానము చెప్పగలిగినచో పూచీ పడవచ్చును. చెప్పలేనిచో రెండు మాసములు ఆగుమని చెప్పి, గ్రంథాలయములోని ఆ కంప్యూటరు ముందు కూర్చుండబెట్టవలెను.